బాపు చెవికి తగిన ఆంప్లిఫయర్

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్‌లో ఆంప్లిఫయర్ల బొమ్మలు వరసగా చూపించి, ఇంట్లో పాటలు వినడానికి ఎన్ని వాట్లదైతే బాగుంటుందని అడిగింది. ఒకప్పుడు అమ్మమ్మ వీటిని చేత్తో చేసేదని వాళ్లమ్మ చెప్పిందట. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్నకు నాలుగేళ్లపాటు తప్పు జవాబు చెప్పుకున్నదాన్ని నేను, అదీ మా బాపు, అంటే మా నాన్న విషయంలో.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, టేప్ రికార్డర్ ఉన్న ఇంటికి గల్లీలో ఎంత గౌరవమో. హుస్సేనీ ఆలంలో మాది రెండు గదుల ఇల్లు. బాపు దగ్గర్లోని గుడిలో పొద్దునపూట కీర్తనలు పాడేవాడు. యాభై దాటాక ఆయన చెవులు మెల్లమెల్లగా మందగించాయి. గుడిలో ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఒకరోజు ఆయనే చిడతలు ఇంకొకాయన చేతికిచ్చి ఇంటికొచ్చి కూర్చున్నాడు.

అప్పటికి నేను ఇంటర్ అయిపోయి, కోఠి దగ్గర ఆంప్లిఫయర్లు బిగించే ఒక చిన్న వర్క్‌షాపులో పనికి కుదిరాను. ఆడపిల్ల సోల్డరింగ్ పని చేయడమేమిటని మేనత్త మూతి తిప్పితే, పొయ్యి దగ్గర కాలని చెయ్యి ఎవరికుందని అమ్మ ఆమె నోరు మూయించింది. బాపు కోసం మొదట చేసింది ఒక్క స్పీకరుతో మోగే పది వాట్ల పెట్టె. దాన్ని టేప్ రికార్డరుకు తగిలిస్తే ఆయన కళ్లు మూసుకుని, పాటతోపాటు తానూ పాడుతూ తల ఊపాడు. ఏడాది తిరక్కుండానే ఆయన చెవి వెనక చెయ్యి ఆనించి వినడం చూసి, రెండు స్పీకర్లతో నలభై వాట్ల స్టీరియో చేశాను. అదీ చాలదనిపించి, ఇంకో రెండేళ్లకు వంద వాట్లది చేసి, ఆ బరువును ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చాను. అది మోగితే అల్మారాలో గిన్నెలు అదిరేవి. ప్రతిసారీ ఎట్లా ఉందని అడిగేదాన్ని, ప్రతిసారీ ఆయన "మస్తుగ ఇనొస్తుంది బిడ్డా" అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

మాకూ, పిన్ని వరసగా మేం ఖాలా అని పిలిచే పక్కింటావిడకూ ఒకటే గోడ. ఆమె భర్త పోయి చాలా కాలమైంది, బట్టలు కుట్టి బతికేది. మా మోత గురించి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఒక సాయంత్రం బాపు ఇంట్లో లేనప్పుడు ఆమె మా గడప ఎక్కితే నాకు భయం వేసింది. క్షమించమని నేను మొదలుపెట్టేలోపే ఆమె చెయ్యి అడ్డం ఊపింది.

"సౌండ్ గురించి రాలే బేటీ. మీ పాటల మాటలు నాకు సమజ్ గావు గని, నువ్వు పనికి పోయినంక రోజు వింటున్న కదా. పాట ఒక దిక్కు పోతది, మీ బాపు ఒక దిక్కు పోతడు. టేప్ ఆగిపోయినంక గూడ పాడుతనే ఉంటడు."

ఆమె భర్తకూ చివరి రోజుల్లో అదే ఇబ్బందట. అరిస్తే ఆయనకు డప్పు మోతలాగా ఉండేదట. "దగ్గర కూసొని సాఫ్‌గ చెప్తె వింటుండె. జోర్ ఎందుకు బేటీ, సాఫ్‌గ వినొచ్చేటట్టు చెయ్యి" అని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు మా వర్క్‌షాపు యజమానిని అడిగితే ఆయనా అదే అన్నాడు. అలాంటి చెవికి బరువైన మోత అందుతుంది గానీ మాటల మొన అందదు. నేను వాట్లు పెంచినకొద్దీ పెరిగింది ఆ మోతే. మళ్లీ పది వాట్ల చిన్న బోర్డు దగ్గరికే వచ్చి, మోతనిచ్చే బేస్ తగ్గించి, మాటల్ని తేటపరిచే ట్రెబుల్ పెంచి, అరచెయ్యంత స్పీకరును బాపు కుర్చీకి కుడిపక్కన, చెవి దగ్గరగా అమర్చాను.

"పెద్దది ఉండంగ గిదెందుకు?" అని గునుస్తూనే కూర్చున్నాడు. టేప్ మొదలవగానే ఎప్పటిలాగే పాట ఎత్తుకున్నాడు. చరణం మధ్యలో ఉన్నట్టుండి ఆగాడు. ఆ పంక్తి అయ్యేదాకా కదలకుండా విని, తర్వాతి పంక్తి దగ్గర పాటను అందుకుని చివరిదాకా కలిసి నడిచాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నొద్దులు నాకు ఇనొస్తలేకుండె బిడ్డా. నువ్వు గంత కష్టపడి చేస్తివి, లేదని ఎట్ల చెప్పాలె?"

ఇద్దరం ఏడ్చాం. చిన్న పెట్టె శబ్దం గోడ దాటదు కదా, అందుకని ఖాలా స్వయంగా వచ్చి మా గడపలో కూర్చుని విని, తృప్తిగా తల ఊపి వెళ్లింది. బాపు మళ్లీ గుడిలో పాడలేదు గానీ, ఉన్నన్నాళ్లూ ఇంట్లో వరస తప్పకుండా పాడుకున్నాడు.

పెళ్లయి మాదన్నపేటకు వచ్చాక నేను ఇంకెన్నో ఆంప్లిఫయర్లు మార్చాను, ఒకదాన్ని మించి ఒకటి. పాడేవాళ్లు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించే రోజులు చూశాను, అదృష్టమే. కానీ విద్య నేర్పిన వర్క్‌షాపుకు ఎంత రుణపడ్డానో, మా మోతనంతా ఓర్చుకుని అందులో బాపు దారి తప్పడాన్ని పట్టుకున్న ఖాలాకు అంతకన్నా ఎక్కువ రుణపడ్డాను. ఇప్పుడు మేముండే ఫ్లాట్లలో తలుపులన్నీ బిగించి ఉంటాయి, ఎవరి పాట వాళ్ల చెవుల్లోనే మోగుతుంది, ఎవరివల్లా ఎవరికీ ఇబ్బంది లేదు. సాయంత్రాలు నేనూ కాస్త పాడుకుంటూ ఉంటాను. బాగుందో, వరస తప్పుతోందో వచ్చి చెప్పేవాళ్లే లేరు.