స్టిక్కర్ పాలరాయి, రెండు పావురాలు

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద అపారమైన నమ్మకం ఉండేది. ఒకటి నా అరబ్బీ, రెండోది జిగురు. రెండూ కూడబలుక్కుని ఒకే రోజున నా పరువు తీస్తాయని కలలో కూడా అనుకోలేదు. అప్పటికి నేను ఒమాన్‌లోని సహంలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్టోర్ కీపర్‌ని. పెళ్లయి ఎనిమిది నెలలు. మా ఆవిడకి వీసా వచ్చిందనగానే కంపెనీ రూమ్ వదిలేసి, కూరగాయల కొట్టు పైన చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. ఫ్లాట్‌కి వంక పెట్టడానికి లేదు, ఒక్క బాత్రూమ్ తప్ప. టైల్స్ పాత చింతపండు రంగు. ప్రతి నాలుగో టైల్ మీద ఒక గులాబీ, వాటిలో ఒకటి తలకిందులు. (ఆ రోజు ఆ మేస్త్రీకి ఇంట్లో ఏం గొడవైందో పాపం!)

మా ఆవిడ పుట్టింట్లో పదకొండు మందికి ఒకటే స్నానాల గది. తువ్వాలు భుజాన వేసుకుని వంతు కోసం నిలబడి పెరిగిన మనిషి. "ఇల్లెలా ఉన్నా పర్లేదండి, బాత్రూమొక్కటీ బాగుంటే చాలండి" అంది ఫోన్లో. పెళ్లయ్యాక ఆవిడ నన్ను కోరిన మొదటి కోరిక అది. ఊరుకోవచ్చు కదా! "పాలరాయే అనుకో" అనేశాను. ఫోన్ పెట్టేశాక తెలిసొచ్చింది. కాపురానికి వస్తూనే మొగుడు అబద్ధాలకోరని తెలిస్తే ఇక జన్మలో నా మాట నమ్ముతుందా?

స్టోర్లో నా చేతి కింద బస్తాలకొద్దీ టైల్స్ జిగురు ఉండేది గానీ, అద్దె ఇంట్లో గోడ పగలగొట్టడం కుదరదు. అందుకని పాలరాయిలా కనిపించే ప్లాస్టిక్ స్టిక్కర్ చుట్టలు కొన్నాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పీకేస్తే సరిపోతుంది. అయినా మర్యాద కోసం ఇంటి యజమానిని అడగాలనుకున్నాను. మేమంతా అర్బాబ్ అని పిలిచే ఆ పెద్దాయనకి అరబ్బీ తప్ప మరో భాష రాదు. నాకేం తక్కువ? "అర్బాబ్, మా మేడం వస్తోంది. హమామ్ జదీద్, ఓకే?" అన్నాను. కొత్త బాత్రూమ్ అని నా ఉద్దేశం. ఆయన ముఖం వెలిగిపోయింది. "హమామ్! జైన్, జైన్!" అని మెచ్చుకుని, ఎన్ని అని అడిగాడు. ఉన్నదే ఒకటి కదా, "వాహద్" అని ఒక వేలు చూపించాను. ఆయన నొచ్చుకున్నాడు. "లా, లా! ఇత్నైన్!" అని రెండు వేళ్లు చూపించాడు. వీళ్లవన్నీ పెద్ద కుటుంబాలు, ఒక్క బాత్రూమ్ ఏం సరిపోతుందనుకుంటున్నాడు కాబోలని నవ్వి, తలూపి వచ్చేశాను.

రెండు శుక్రవారాలు చెమటోడ్చి గోడలన్నీ అతికించి, ఫొటో తీసి పంపాను. ఆవిడ దాన్ని పదకొండు మందికీ చూపించిందట.

జూన్‌లో వచ్చింది. దిగిన గంటలోనే ముచ్చటపడి స్నానానికి వెళ్లింది. జూన్‌లో మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు హీటర్ అక్కర్లేకుండానే సలసలా మరుగుతాయి. గదంతా ఆవిరి కమ్మేస్తుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పడం మరిచాను. జిగురుకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా! పది నిమిషాలకి కేక వినిపించింది. "ఏవండోయ్! గోడ మీద పడిపోతోందండీ!" నైటీ తగిలించుకుని, వీపుకి మూరెడు పాలరాయి అంటుకుని బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే బెల్ మోగింది. తలుపు తీస్తే అర్బాబ్, చేతిలో పంజరం, అందులో రెండు తెల్ల పావురాలు. "హమామ్!" అన్నాడు ఆనందంగా. నేను నోరు తెరుచుకుని బాత్రూమ్ వైపు చూపించాను. ఆయన అటు చూసి, మా ఆవిడ వీపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. పంజరం చూపించి "హమామ్", బాత్రూమ్ చూపించి "హమ్మామ్" అని మకారాన్ని వత్తి మరీ పాఠం చెప్పి వెళ్లాడు. మనవాళ్లంతా సైట్‌లో హిందీ ధోరణిలో హమామ్ హమామ్ అని తేలిగ్గా అనేస్తుంటే, అదే అరబ్బీ అనుకున్నాను. అంటే ఆ ఇంట్లో నాకు అనుమతి ఉన్నది పావురాలకే.

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడ లోపలికెళ్లి మిగిలిన స్టిక్కర్లు ఒక్కొక్కటే పీకింది. తలకిందుల గులాబీ బయటపడగానే కిసుక్కున నవ్వి, నావైపు తిరిగింది. "ఇవి బానే ఉన్నాయి కదండీ. వీటి ఫొటోయే పంపుంటే నేను రాననుకున్నారా?"

నిజానికి అలాగే అనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను ఏ గొప్ప చెప్పినా ఆవిడది ఒకటే ప్రశ్న. "స్టిక్కరా అండి, గోడా?" ప్రమోషన్ అన్నా అదే, బీపీ తగ్గిందన్నా అదే. ఇప్పుడు మేముండే ఇంట్లో బాత్రూమ్ నిజంగానే పాలరాయిది. మొన్న అక్కడే అద్దం ముందు నిలబడి మీసానికి రంగేసుకుంటుంటే గుమ్మంలో ఆవిడ ప్రత్యక్షమైంది. అడగబోతుందని తెలిసి నేనే ముందు అనేశాను. "రంగు కింద గోడేనే బాబూ, అక్కడక్కడా పెచ్చులూడుతోంది, అంతే."

"ఆ పెచ్చుల్తోనే బాగుందండి" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక్క ఫొటో చూస్తే ఈవిడ రాదేమోనని రెండు శుక్రవారాలు గోడలకి అతుక్కుపోయిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పటికే సగం మీసానికి రంగేశాను. కుళాయి తిప్పి కడిగేసుకున్నాను.