వచ్చే ఏడాది ఎలా ఉంటుందని ఆమె అడిగింది

ఏటా అక్టోబరు వచ్చిందంటే నాకు ఒకటే పని. వచ్చే ఏడాది ఈ దేశం ఎలా ఉండబోతోంది, ఇక్కడి వ్యాపారాలు ఎలా ఉంటాయి, అందులో మా కంపెనీ గతేమిటి అని పది పన్నెండు పేజీల నోటు రాసి పైవాళ్ళకు ఇవ్వాలి. సింగపూర్‌లో వన్-నార్త్ అనే చోట మా ఆఫీసు. ఆసుపత్రుల్లో వాడే పరికరాలకు విడిభాగాలు తయారుచేసి సముద్రాల అవతలికి పంపుతాం. ఇక్కడ అమ్ముకునేది దాదాపు ఏమీ లేదు. అందుకే నా నోటులో సింగపూర్ కంటే పెద్ద దేశాల సంగతులే ఎక్కువగా ఉంటాయి. అక్కడ ఎవరు గెలిచారు, ఎవరి సరుకు మీద సుంకం వేశారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు.

ఆ ఏడాది నోటు చాలా ఇబ్బంది పెట్టింది. పొద్దున రాసిన పేరా సాయంత్రానికి పనికిరాకుండా పోయేది. సుంకం పెంచామన్నారు, ఆపామన్నారు, మళ్ళీ పెంచుతామన్నారు. ఏం జరుగుతుందో తెలియక కొనేవాళ్ళు ఆర్డర్లు ఆపుకుని కూర్చున్నారు. ఇక్కడేమో ధరలు పెరిగాయని, ఉద్యోగాలు బయటివాళ్ళకు పోతున్నాయని జనంలో అసహనం. బయటివాళ్ళు ఇక్కడ పనిచేయడానికిచ్చే వర్క్ పాసుల నిబంధనలు బిగుస్తున్నాయి. ఇవన్నీ రాసి, మూడో పేజీలో ఒక వాక్యం చేర్చాను: పరికరాల పరీక్ష విభాగాన్ని తక్కువ ఖర్చయ్యే చోటికి తరలించే విషయం ఆలోచించవచ్చు. అలాంటి వాక్యాలు ఏటా నాలుగైదు రాస్తాను. ఎవరూ పట్టించుకోరు.

ఆ పరీక్ష విభాగంలోనే ఆమె పనిచేసేది. హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వాళ్ళది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలంగాణ తెలుగు. నాది ఒంగోలు వైపు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. చేరిన మొదటి వారంలోనే, మేం భోజనానికి వెళ్ళే హాకర్ సెంటర్‌లో నా ఎదురు కుర్చీలో కూర్చుని, "మీరు తెలుగోళ్ళే గదా, ఫోన్‌ల మాట్లాడుతుంటె విన్న" అంది. ఆ రోజు నుంచి ఐదేళ్ళు మధ్యాహ్నం భోజనం కలిసే చేశాం. యీషున్‌లో వాళ్ళది అద్దె ఫ్లాట్. అంతకు ముందు ఏడాదే ఆమె భర్త ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆమె పాసు మీదే ఆయనా, తొమ్మిదేళ్ళ కూతురూ ఈ దేశంలో ఉంటున్నారు. ఆయన ఇంట్లో వంట చేసుకుంటూ, పిల్లను బడికి దింపుతూ, దరఖాస్తులు పెడుతూ ఉండేవాడు.

నవంబరులో మా పైఅధికారి నన్ను గదిలోకి పిలిచాడు. ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ మనిషి, నెమ్మదస్తుడు. నా నోటు మూడో పేజీ తెరిచి ఉంది.

"నువ్వు రాసిందే చేస్తున్నాం. జనవరిలో టెస్టింగ్ మొత్తం మలేషియాకి పోతుంది. అందాకా ఈ మాట ఈ గది దాటకూడదు" అని ఒక కాగితం ముందుకు జరిపాడు.

ఇంకో దారి లేదా అని అడిగాను.

"మనది చిన్న దేశం. పెద్దవాళ్ళు మాట మార్చినప్పుడల్లా మనమే సర్దుకోవాలి. నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను సంతకం పెట్టాను.

మూడో రోజు భోజనాల దగ్గర ఆమె ఇంకా ముద్ద ముట్టుకోకుండానే అడిగింది.

"అక్కా, ఒక మాట అడుగుత, సక్కగ చెప్పు. తువాస్‌ల ఒక కంపెనీ వాళ్ళు రమ్మంటున్రు. ఆఫర్ లెటర్ గూడ వచ్చింది. శుక్రవారం లోపల చెప్పాలె. పోవాల్నా, ఉండాల్నా? వచ్చే ఏడు మన దగ్గర ఎట్లుంటదో నీకే గదా ఎరుక."

"అన్నిచోట్లా ఒకేలా ఉందిలే" అన్నాను.

"అంటే ఉండుమంటవా?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే, ఈ రోజు ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదేమో. "నీ ఇష్టం. కాకపోతే తువాస్ దూరం కదా. యీషున్ నుంచి పోనూ రానూ మూడు గంటలు రైల్లోనే అయిపోతుంది. పిల్లతో ఎప్పుడుంటావు?" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. "నేను గూడ అదే అనుకుంటున్న. నిన్ను ఇడిచిపెట్టి పోబుద్ధి అయితలేదు" అని తినడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బుకిట్ పంజాంగ్‌లో మా ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. "సంతకం పెట్టావుగా. బయటపడితే ముందు నీ ఉద్యోగం పోతుంది. మన పిల్లల సంగతి చూసుకో" అన్నాడు. ఆయన మాట విన్నానని చెప్పుకోవడం తేలిక. అసలు ఆ మాట అంటాడని తెలిసే ఆయనకు చెప్పాను. శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. ఆమె ఆ ఉద్యోగం వద్దని రాసేసింది.

కొత్త సంవత్సరం మొదటి వారంలో పరీక్ష విభాగం వాళ్ళందరినీ ఒకేసారి పిలిచారు. అరగంట తర్వాత ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, అందర్ని తీసేసిన్రు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమే నా భుజం పట్టుకుంది. "నువ్వెందుకు ఏడుస్తవ్? ఏదో ఒకటి దొరుకుతది" అంది.

తువాస్ కంపెనీకి ఫోన్ చేస్తే, కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశామన్నారు. పాసు రద్దయ్యాక ఉండనిచ్చేది నెల రోజులు. ఆ నెలంతా నేను ఆమె వివరాలు పట్టుకుని తెలిసిన ప్రతివాళ్ళనూ అడిగాను. అందరిదీ ఒకటే మాట, కొత్త పాసు ఇప్పించడం కష్టం, స్థానికులైతే చూస్తామని. నేను వాళ్ళను తిట్టుకుంటుంటే ఆమె ఆపేది. "వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలకు ముందు ఇచ్చుకుంటరు. అండ్ల తప్పేముంది?" అనేది. నేను రాసే నోట్లలో అంత ధర్మంగా ఆ సంగతి ఎప్పుడూ రాయలేదు.

చివరి శనివారం పొద్దున సామాను సర్దడానికి యీషున్ వెళ్ళాను. ఆమె భర్త వంటింట్లో గిన్నెలకు కాగితాలు చుడుతున్నాడు. పిల్ల బడి యూనిఫాం వేసుకుని నేలమీద కూర్చుంది. శనివారం బడి లేదు. "ఆంటీ, మై ఫ్రెండ్ సే వన్ ఇయర్ ఓన్లీ, దెన్ కెన్ కమ్ బ్యాక్. కెన్ ఆర్ నాట్?" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో నన్ను అడిగింది, ఏడాది తర్వాత తిరిగి రావచ్చా అని. నేను ఏదో గొణిగాను.

గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. నవంబరు నుంచీ తెలుసని. విభాగాన్ని తరలించవచ్చని నోటు మూడో పేజీలో నేనే రాశానని.

ఆమె చేతిలో పిల్ల స్వెటర్ ఉంది. దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది, మళ్ళీ తీసి మళ్ళీ మడిచింది.

"కంపెనీ మాట చెప్పొద్దంటే చెప్పకపోతివి. అది సమజైతది" అంది. కాసేపటికి, "గని దూరం అని ఎందుకన్నవక్కా? నా బిడ్డ మీద పావురంతోని, ప్రేమతోని అన్నవనుకున్న" అంది.

ఆ రోజు భోజనాల దగ్గర నేనన్న మాట పిల్ల కోసం కాదు. ఆమె వెళ్ళిపోతే ఎందుకు వెళ్ళిందని ఆఫీసులో నన్ను అనుమానిస్తారేమోనని భయపడ్డానని చెప్పాను. అదొక్కటే కాదు, హాకర్ సెంటర్‌లో ఒక్కదాన్నే కూర్చుని తినాల్సి వస్తుందని కూడా అనిపించింది. ఈ రెండో మాట ఆమెకు చెప్పలేదు.

ఆమె భర్త చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఆమె "తాగి పో అక్కా" అంది. ఇంకేం సర్దాలో చెప్పలేదు. తాగి వచ్చేశాను. లిఫ్టు దాకా పిల్ల ఒక్కతే వచ్చింది.

విమానం ఏ రోజో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. వేసవి సెలవులయ్యాక ఆమె భర్త నుంచి ఒక మెసేజ్ వచ్చింది. హైదరాబాద్‌లో తనకు పని దొరికిందని, పాపకు బడిలో తెలుగు రాక కష్టంగా ఉందని రాశాడు. ఆమె ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందన్నాడు. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. రెండుసార్లు ఫోన్ చేసి, ఆమె ఎత్తకముందే నేనే ఆపేశాను.