రవ్వలో కనబడిన గొంతు

ఇవాళ పొద్దున మిక్సీ తిరుగుతుంటే, పక్కనే పళ్లెంలో పోసి ఉంచిన ఉప్మా రవ్వ సన్నగా వణికింది. మట్టెవాడలోని మా తాత గుర్తొచ్చాడు.

ఏళ్ల తరబడి పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి తాతకు చెవులు వినబడకుండా పోయాయి. అప్పుడు నాకు ఆరేళ్లు. ఎంత పిలిచినా ఆయన తిరిగి చూడకపోతే, నా మీద కోపమనుకునేదాన్ని. ఒకరోజు అమ్మ దగ్గర ఆ మాట చెప్పి ఏడ్చాను. అమ్మ వెళ్లి తాతకు ఎలా చెప్పిందో గానీ, ఆయన నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. స్టీలు గిన్నె మీద ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, దాని మీద చిటికెడు రవ్వ చల్లాడు.

"జర దగ్గరికొచ్చి గట్టిగ ఒర్రు బిడ్డా," అన్నాడు.

"తాతా!" అని అరిచాను. రవ్వ ఎగిరెగిరి పడింది.

"సూసినవా, గది నీ గొంతే. నాకు ఇనబడకుంటే ఏమాయె, కనబడ్తాంది."

"అయితే నేనేమన్ననో చెప్పు."

"తాతా అన్నవ్."

నాకు నమ్మకం కుదరక "జిలేబీ" అన్నాను, "పిల్లి" అన్నాను. అన్నీ సరిగ్గా చెప్పాడు. రవ్వలో అక్షరాలు పడతాయని, తాతకు అవి చదవడం వచ్చని నమ్మేశాను. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా గిన్నె పట్టుకుని వెళ్లి ఆయన ముందు కూర్చునేదాన్ని.

షెడ్డు రొదలో పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట పట్టుకుంటారని పెద్దయ్యాక తెలిసింది. తాత చూసింది రవ్వను కాదు, నన్ను. అంతకుముందు నేనెప్పుడూ ఆయన్ని వెనకనుంచే పిలిచేదాన్ని.