బలం సూది

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను డాక్టర్ని కాను. పామిడి దగ్గర ఒక పల్లెలో చిన్న గది పెట్టుకుని జ్వరాలకు మాత్రలిస్తాను, సూదులు వేస్తాను. అందరూ డాక్టర్ సారూ అంటారు. వద్దని నేనెన్నడూ అనలేదు. చెనిక్కాయలు పీకే కాలం వస్తే పొద్దున్నే నా గుమ్మం ముందు కూలీలు కూర్చుంటారు. నడుము పట్టేసినవాళ్ళు, మోకాళ్ళు వాచినవాళ్ళు. స్టెరాయిడ్ సూది వేస్తే మళ్ళీ చేనికి పోయి వంగి పనిచేస్తారు. మా వైపు దాన్ని బలం సూది అంటారు. ఆ పేరు పెట్టింది నేనే.

వన్నూరమ్మ మా ఊరి పిల్ల. పెన్నలో నీళ్ళు పారేది ఎప్పుడో గానీ, ఆ ఇసుకలోనే ఆమె పరుగు నేర్చింది. జిల్లాలో దూరపు పరుగుపందెం ఎక్కడ పెట్టినా ఆమెదే ముందు. రాష్ట్ర జట్టులో చేరాలన్నది ఆమె ఆశ. ఒకసారి గజ్జల్లో నొప్పి అని కుంటుకుంటూ వచ్చింది. ఎముకల డాక్టరు దగ్గరికి పొమ్మనాల్సింది. అనలేదు. కూలీలకు వేసే సూదే వేశాను. నొప్పి పోయింది, పందెం గెలిచింది, అందరి ముందూ వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. అబ్బా, ఆ రోజు ఎంత పొంగిపోయానో! ఆ తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా వేశాను. సూదికీ సూదికీ మధ్య ఎడం తగ్గిపోతోందని నాకు కనపడలేదా? కనపడింది. నా సూది వల్లే గెలుస్తోందన్న పొగరు నా కళ్ళు మూసింది.

అనంతపురంలో ఎండాకాలపు పందెంలో ఆమె దారి మధ్యలో కుప్పకూలింది. వాళ్ళమ్మా నేనూ ఆసుపత్రికి పరిగెత్తాం. ప్రాణం దక్కింది. కానీ కాలు కదిలిస్తే కేకలు పెడుతోందని ఎక్స్‌రే తీశారు. తుంటి కీలు అప్పటికే నలిగిపోయి ఉంది. డాక్టరు నన్ను చూసి అడిగాడు.

"ఈ వయసులో ఇంత బిరీన కీలు పాడు కాదప్పా. యాడన్నా స్టెరాయిడ్ సూదులు ఏపించినారా?"

"లేదు సార్. పరుగు ఎక్కువైనాది, అంతే."

వాళ్ళమ్మ పక్కనే ఉంది. ఆమెకు బలం సూది తెలుసు, స్టెరాయిడ్ ఏమిటో తెలియదు. "ఏమంటాండాడు సారూ?" అని నన్నే అడిగింది.

"పరుగే చేటు తెచ్చినాది అంటాండాడమ్మా."

నమ్మింది. నన్ను కాక ఇంకెవరిని నమ్ముతుంది?

కొన్ని నెలలకే కీలు పూర్తిగా పోయింది. ఆపరేషన్ చేసి వేరేది పెట్టారు. ఇప్పుడు వన్నూరమ్మ కింద కూర్చోలేదు, కుర్చీలో కూర్చుని జాకెట్లు కుడుతుంది. ఎవరినీ తిట్టదు. తన ఆశే తనను ఇట్లా చేసిందంటుంది. నన్ను చూస్తే ఇప్పటికీ లేచి నిలబడబోతుంది. వద్దమ్మా, కూర్చోమ్మా అంటాను. ఆ మాటన్నా అనే అర్హత నాకుందా?

ఆ సూది మానేశానా? కొన్నాళ్ళు మానేశాను. చెనిక్కాయల కాలం వచ్చింది, కూలీలు వచ్చి కూర్చున్నారు, మళ్ళీ వేశాను. ఇది దాస్తే ఈ ఒప్పుకోలు కూడా అబద్ధమే అవుతుంది.

పూర్తిగా మానేసింది ఈ ఏడే. వన్నూరమ్మ చెల్లెలు పెన్న ఇసుకలో పరుగు మొదలుపెట్టింది. అక్కకంటే జోరు. వాళ్ళమ్మ ఆ పిల్లను జుట్టు పట్టుకుని నా గుమ్మం ముందునుంచే ఈడ్చుకుపోయింది. "మీ అక్కను సూసినాక గూడా నీకు బుద్ధి రాలేదా? సారు ఆ పొద్దే చెప్పినాడు గదే!" అని ఏడుస్తూ కొట్టింది. నేను గడప లోపలే నిలబడ్డాను. థూ, ఏం మనిషిని నేను? ఒక్క అడుగు బయటికి వేయలేకపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రేపు వాళ్ళింటికి పోతానని కూడా చెప్పను. వాళ్ళ వీధి మొదటిదాకా పోయి తిరిగొచ్చిన పిరికివాణ్ణి, నా మాట నాకే నమ్మకం లేదు. కానీ ఆ మాట ఈ రోజు బయటికి చదువుకుంటూ రాస్తున్నాను. వన్నూరమ్మ తుంటిని పాడుచేసింది నేను. పరుగు ఆ పిల్లనేమీ చెయ్యలేదు.

అమ్మయ్య. అనేశాను.