గురక మీద ఫిర్యాదు

తొంభైల మొదట్లో ఒమాన్‌లో, రుసైల్‌లోని మా కంపెనీ క్యాంపులో రూముకు పన్నెండు మందిమి. అందరం కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లమే. ఫ్యాక్టరీలో తెల్ల ఇంజనీర్లకు వేరే క్యాంటీన్ ఉండేది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా మావాళ్లు పళ్లు నూరేవారు. "మనల్ని మనుషుల లెక్క చూడరు" అని రోజూ ఏడుపే. ఆ ఏడుపులో నా గొంతూ ఉండేది.

మా రూమ్‌లో వంట తెలిసినవాడు ఒక్కడే, నా పక్క మంచం అతను. మూడేళ్లు అతని చేతి పప్పుచారు లొట్టలేసుకుంటూ తిన్నాం. ఆ తర్వాత అతని ఊరి నుంచే కొత్త వీసా మీద ఒక పెద్దమనిషి దిగాడు. దిగగానే చేసిన ఘనకార్యం, మాకు వండిపెట్టే అతనిది ఏ కులమో అందరికీ చెప్పడం. మర్నాటికి మా రూమ్‌లో కమిటీ వెలిసింది. అధ్యక్షుడు, కార్యదర్శి, తీర్మానం కూడా! బాత్రూమ్ కడిగే వంతులు తేల్చుకోవడం చేతకాని మహానుభావులు, మనిషిని వెళ్లగొట్టడానికి గంటలో ఏకమయ్యారు. అదే ఫ్యాక్టరీలో అయితే అందరూ ఒకే డ్రమ్ములో ఒకే మగ్గు ముంచుకుని తాగేవారు. అక్కడ వీళ్ల కులం ఎక్కడ దాక్కునేదో!

మిగతా రూముల్లో తెలుగువాళ్లు లేరు. అతనికి హిందీ రాదు. రూమ్ మారిస్తే మాట్లాడే దిక్కే ఉండదని మా అందరికీ తెలుసు. తెలిసే, అతన్ని మార్చమని కాగితం రాసి సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను. పెట్టకపోతే నా కంచం కూడా వేరు చేస్తారని భయం. సిగ్గులేని భయం.

క్యాంపు బాస్ సూడాన్ ముసలాయన. కాగితం చూసి, "ఏ నఫర్ క్యా కియా? హరామీ?" అన్నాడు, ఈ మనిషి ఏం చేశాడు, దొంగతనమా అని. లేదన్నాం. తాగి కొట్టాడా? లేదన్నాం. అధ్యక్షుడు తన వచ్చీరాని హిందీలో కులం సంగతి మొదలుపెట్టాడు. ఆయన నొసలు ముడిచి చూస్తుంటే సగంలోనే నీళ్లు నమిలాడు. అప్పుడు కార్యదర్శికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"గురక, సాబ్! బహుత్ గురక!" అంటూ ముక్కుతో చేసి చూపించాడు. మేమందరం తలలూపాం. ముసలాయన అదే రాసుకున్నాడు.

సాయంత్రం అతను పరుపు చుట్టుకుంటుంటే ఎవరూ అటు చూడలేదు. పరుపు భుజానికెత్తుకుని నా దగ్గర ఆగాడు.

"మూడేండ్ల సంది నీ పక్కకే పండుకున్న గదనే అన్నా," అన్నాడు. "గురక పెట్టేది నువ్వు. ఒక్కనాడన్న ఎవ్వలకన్న చెప్పిన్నా?"