పగడానికి పన్నెండు గంటల ఎండ

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, కొత్త ఉద్యోగం, నోరు తెరిస్తే "నాకు తెలుసు" అనే మాట. వయసు పోయింది, ఉద్యోగం మారింది, ఆ మాట మాత్రం ఉంది. ఎవరేమనుకున్నా దాన్ని వదిలేది లేదు. తమిళనాట కోవిల్పట్టిలో, మూసిన తలుపుల సందుల్లోంచి కూడా నల్లరేగడి దుమ్ము దూరే మా ఇంట్లో సముద్రపు పగడాన్ని పెంచుతానని కూర్చున్నది ఆ మాట బలంతోనే. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయి కాదు, ప్రాణమున్న జీవి (ఈ సంగతి మా అవ్వకు పదిసార్లు చెప్పాను). మదురైలో నా స్నేహితురాలు తన తొట్టిలో పెరిగినదాంట్లోంచి వేలెడు ముక్క విరిచి ఇచ్చింది. ఉప్పు కలిపిన నీళ్లు, పైన నీలం లైటు ఒకటి, తెల్ల లైటు ఒకటి. వేళ ప్రకారం వెలుతురు పడితే అది విచ్చుకుంటుంది, తేడా వస్తే ముడుచుకుపోతుంది. బోరు నీళ్లకే దిక్కులేని ఊళ్లో నీకు సముద్రం కావలసి వచ్చిందా అని నాయన అడిగాడు. కావలసి వచ్చిందన్నాను.

లైట్ల వేళలు ఒక కాగితం మీద రాసి తొట్టి పక్కన గోడకు అన్నం మెతుకులతో అంటించాను. తమిళంలోనే రాశాను (మా ఇంట్లో తెలుగు నోటికే తప్ప చేతికి రాదు, అక్షరాలు నేను తర్వాత పంతం కొద్దీ నేర్చుకున్నాను). చిక్కేమిటంటే, పొద్దున్నే బస్సెక్కి విరుదునగర్ పప్పు మిల్లు ఆఫీసుకు వెళ్లే నేను తిరిగొచ్చేసరికి దీపాల వేళ దాటేది. స్విచ్చులు వేయాల్సింది అవ్వ. ఆమెకు తమిళమూ చదవను రాదు. అయినా ఆమె లెక్క ఆమెకుంది: బడి గంట కొట్టగానే నీలం, అగ్గిపెట్టెల కంపెనీ భోజనం సైరన్ మోగగానే తెలుపు, కంపెనీ వ్యాన్ ఆడవాళ్లను వీధి మొదట్లో దించగానే మళ్లీ నీలం. ఏ రోజూ తప్పలేదు.

అయినా రెండో వారానికి పగడం పాలిపోయింది. వెలుతురు చాలలేదని తేల్చేశాను. ఎనిమిది గంటల్ని పది చేశాను, పదిని పన్నెండు చేశాను. తెల్ల లైటే ఎక్కువసేపు వేయమన్నాను. అది ఇంకా ముడుచుకుంది. కొత్త ముక్కకు అంత వెలుతురు వద్దని స్నేహితురాలు ఫోన్లో మొత్తుకుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాయన ఒక సాయంత్రం తొట్టిలోకి తొంగిచూసి తీర్పు చెప్పాడు.

"ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ ఇది రాయిగానే ఉంటే, తొట్టి మేకల కుడితికి."

"ఆదివారానికి విచ్చుకుంటాది, చూస్తా ఉండు" అన్నాను. అని లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆ ఇంట్లో నాదంటూ నేను తెచ్చుకున్నది అదొక్కటే. అది చస్తే, ఆ తర్వాత నేను ఏం అడిగినా, ఏం చేస్తానన్నా, నాయన ఆ తొట్టినే చూపిస్తాడు.

బుధవారం సాయంత్రానికి అంచుల్లో కాస్త రంగు తిరిగింది. గురువారం ఇంకాస్త. పన్నెండు గంటల మహిమ చూశారా అని భోజనాల దగ్గర అందరికీ వినిపించాను. అవ్వ మజ్జిగ పోసుకుంది.

శనివారం మిల్లులో కరెంటు లేక మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికొచ్చి చూస్తే లైటుకూ తొట్టికీ మధ్య అవ్వ పాత నేత చీర, రెండు మడతలు వేసి పరిచి ఉంది. పక్కనే అవ్వ చాటలో మినుములు ఏరుకుంటోంది. నా పట్టికను పాడుచేశావని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె చాట కింద పెట్టలేదు.

"లేత నారుకి మద్యానం ఎండ తగలగూడదు పాపా. మిరపనారుకి తాటాకు కప్పమా? నువ్వు చెప్పినట్లే లైటు ఏస్తా ఉండా. మంగళారం నుంచి చీరె గూడా ఏస్తా ఉండా, అంతే."

చీర పక్కకు తీశాను. పగడం చిన్న చిన్న వేళ్లన్నీ చాచి, నిండుగా విచ్చుకుని ఉంది. చీర మళ్లీ కప్పాను.

ఆదివారం నాయన వచ్చి చాలాసేపు చూశాడు. ఏం చేశావన్నాడు. లైటు పెంచానన్నాను, కన్నార్పకుండా. మూలనున్న అవ్వ నావైపు చూసింది, మళ్లీ మినుముల్లో పడింది. మేకలకు పాత కుండే గతయింది.

సోమవారం చెప్పులేసుకుంటుంటే అవ్వ గోడ మీది కాగితం వైపు చేయి చూపి, మెల్లగా అడిగింది.

"దాంట్లో నా చీరె గూడా రాసినావా?"

"రాసినా అవ్వా" అన్నాను. రాయలేదు. ఆమె చదవలేదు కదా. సంతోషంగా తలూపింది.

ఇప్పుడు విరుదునగర్లో నా ఇంట్లో నా తొట్టి ఉంది. లైట్లు ఫోన్లోంచే నడుస్తాయి. పన్నెండు నుంచి మూడు దాకా వెలుతురు సగానికి తగ్గుతుంది. ఆ వేళకు పేరు పెట్టమని ఫోన్ అడిగితే "అవ్వ చీర" అని తెలుగులో కొట్టాను. అవ్వ బతికున్నా చదవలేకపోయేది. నాయన మొన్న వచ్చినప్పుడు అదేం రాతని అడిగాడు. సుమ్మా, ఊరికే ఏదో పేరన్నాను. కోవిల్పట్టి పగడం సంగతి మళ్లీ ఎత్తితే, లైటు పెంచే బతికించానని మళ్లీ చెప్పాను. ఆయన ముందు ఒప్పుకోను. పన్నెండయింది, ఫోన్లో "అవ్వ చీర" అని వెలిగింది, తొట్టి మసకబారింది. ఒప్పుకోవాల్సిన మనిషి దగ్గర ఒప్పుకున్నాను.