ఏం చెయ్యనిది చూపియ్

సింగపూర్‌లో నేను పనిచేసిన ల్యాబ్‌లో ఒక హైదరాబాదీ సీనియర్‌ని అందరం ఆపా, అంటే అక్క, అనేవాళ్లం. ఎవరు ఏ ఫలితం తెచ్చినా ఆమె మొదట అడిగేది ఒక్కటే: "ఏం చెయ్యనిది చూపియ్." అంటే, పోల్చి చూడ్డానికి ఏ మార్పూ చెయ్యకుండా ఉంచిన నమూనా.

మేం కణాలకు వేడి పెట్టేవాళ్లం. ఆ వేడిని తట్టుకోవడానికి కణం ఒక ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. దాన్ని పట్టే యాంటీబాడీ వేస్తే తెర మీద నల్లగీత కనిపిస్తుంది. నాకేమో వేడి పెట్టని కణాల్లోనూ గీత వచ్చింది, మూడుసార్లు.

"యాంటీబాడీ బాలేదు ఆపా, కంపెనీకి వాపస్ పంపేద్దాం."

మర్నాడు ఆమె స్టూలు లాక్కుని నా వెనక కూర్చుంది. నేను కణాలున్న రెండు డిష్‌లూ, వాటిని ఒంటివేడిలో ఉంచే ఇంక్యుబేటర్‌లోంచి తీసి, ఒకదాన్ని వేడినీళ్ల తొట్టిలో పెట్టి, రెండోదాన్ని బల్ల మీద వదిలేశాను. గంట గడిచాక ఆపా లేచి ఆ రెండో డిష్ అడుగున వేలు ఆనించింది.

"ఏసీ కింద గంటసేపు పెట్టినవ్. ఐస్ లెక్కయింది. దీన్ని ఏం చెయ్యలేదంటవా?"

దాన్ని ఇంక్యుబేటర్‌లోనే ఉంచి మళ్లీ చేశాను. గీత పోయింది. చలి దెబ్బకు కూడా కణం అదే ప్రోటీన్ తయారుచేసుకుంటుందట. నిజం చెప్పిన యాంటీబాడీనే నేను వెనక్కి పంపబోయాను.

కొన్నాళ్లకు ఆపా ఉద్యోగం మానేసింది. ఎందుకో మాకెవరికీ తెలియదు. అంతకు ముందువారం హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య, భోజనానికి నా ఎదురుగా కూర్చుని ప్లేటు ముట్టుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది ఆపా?"

"ఏం కాలే."

నేను తలూపి, నా అన్నం నేను తిన్నాను.